వైజాగ్‌లో చిన్న సినిమా తీయాలంటే ఏ డబ్బు తీసుకోవాలి?

సినిమాకు డబ్బు పెట్టగలిగినవాళ్లకు విశాఖపట్నంలో కొదవ లేదు. మధురవాడలో అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్లున్నారు, రొయ్యలు ఎగుమతి చేసేవాళ్లున్నారు, పోర్టు కాంట్రాక్టర్లున్నారు, సొంత ఆస్పత్రులున్న డాక్టర్లున్నారు, రిటైరై పీఎఫ్ డబ్బు బ్యాంకులో వేసుకున్న స్టీల్‌ప్లాంట్ ఉద్యోగులున్నారు. వీళ్లలో సినిమా అంటే సరదా ఉన్నవాళ్లూ ఎక్కువే. అయినా ఇక్కడి కుర్రాళ్ల సినిమాలు కొన్ని స్క్రిప్టు దగ్గరే ఆగిపోతున్నాయి, కొన్ని షూటింగ్ అయ్యాక హార్డ్‌డిస్క్‌లో పడి ఉంటున్నాయి. రెండో రకానికి నాకు కనిపించే పెద్ద కారణం, ఆ సినిమాకు సరిపడని డబ్బు తీసుకోవడం.

ఏ డబ్బునైనా రెండు ప్రశ్నలతో తూచాలి. అది ఎన్నాళ్లు ఆగగలదు? సినిమా ఆడకపోతే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? కింద చెప్పే పోలికంతా ఈ రెండింటి మీదే నడుస్తుంది. పేరున్న హీరో లేకుండా, 30 లక్షల నుంచి కోటిన్నర లోపు బడ్జెట్‌తో తీసే సినిమాను దృష్టిలో పెట్టుకున్నాను. అంతకన్నా పెద్ద సినిమాల లెక్క వేరు, వాళ్లకు ఈ సలహా అక్కర్లేదు.

వడ్డీ డబ్బు, వాటా డబ్బు

మొదట వచ్చే ఆలోచన ఫైనాన్షియర్. హైదరాబాద్‌లో సినిమా ఫైనాన్స్ పాత వ్యాపారం. పేపర్లు పక్కాగా ఉంటాయి, డబ్బు త్వరగా వస్తుంది, కథలో వేలు పెట్టరు. ఈ మూడు సుఖాలకూ ధర వడ్డీ. దాన్ని నెలకు నూటికి రెండు రూపాయలు అనుకుందాం, అంటే ఏడాదికి 24 శాతం. షూటింగ్ ముప్పై రోజుల్లో అయిపోవచ్చు కానీ ఎడిటింగ్, డబ్బింగ్, డీఐ (రంగులు సరిదిద్దే పని), సెన్సార్, రిలీజ్ డేట్, ఆ తర్వాత అమ్మకాల డబ్బు చేతికి రావడం, ఇవన్నీ కలిపితే ఏడాదిన్నర పట్టడం మామూలే. మీరు ఎడిటర్ డేట్స్ కోసం ఎదురుచూస్తున్న నెలలో కూడా వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

ఒకే సినిమాను రెండు రకాలుగా లెక్కేసి చూడండి. బడ్జెట్ 60 లక్షలు. అన్ని హక్కులూ అమ్మాక, ఖర్చులు పోను చేతికొచ్చింది 45 లక్షలు. బడ్జెట్ మొత్తం వాటాదారుల నుంచే వచ్చి ఉంటే, రూపాయి పెట్టినవాళ్లకు 75 పైసలు తిరిగొస్తాయి. బాధగానే ఉంటుంది కానీ ఆ మనుషులు మీతో మాట్లాడతారు, రెండో సినిమా కథ కూడా వింటారేమో. అదే 60 లక్షల్లో 25 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. పద్దెనిమిది నెలలకు వడ్డీయే 9 లక్షలు. ఫైనాన్షియర్‌కు ముందుగా 34 లక్షలు కట్టాలి. మిగిలిన 11 లక్షలను 35 లక్షలు పెట్టిన వాటాదారులు పంచుకోవాలి. రూపాయికి 31 పైసలు. సినిమా అదే, వసూలూ అదే. మిమ్మల్ని నమ్మి వాటా పెట్టిన మేనమామకు మాత్రం మూడింట రెండు వంతులు పోయాయి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అప్పు తీరేదాకా సినిమా హక్కులు ఫైనాన్షియర్ చేతిలో ఉంటాయి, ఆయన క్లియరెన్స్ లెటర్ ఇస్తేనే రిలీజ్. తెలుగులో పెద్ద సినిమాలకే ఈ లెటర్ల దగ్గర రిలీజ్ ముందు రాత్రి టెన్షన్ తప్పడం లేదు. పెద్ద నిర్మాతకైతే ఆ రాత్రి పూచీ పడేవాళ్లు దొరుకుతారు. కంచరపాలెం నుంచి వచ్చిన కొత్త దర్శకుడికి ఎవరు పూచీ పడతారు?

బ్యాంకు సంగతి రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. 1998లో కేంద్రం సినిమాకు పరిశ్రమ హోదా ప్రకటించింది, ఆ తర్వాత ఐడీబీఐ లాంటి బ్యాంకులు సినిమాలకు అప్పులిచ్చాయి. అయితే బ్యాంకు చూసేది తాకట్టు, సంతకాలైన అమ్మకపు అగ్రిమెంట్లు, పాత సినిమాల లెక్కలు. మొదటి సినిమా తీసేవాడి దగ్గర తాకట్టు పెట్టడానికి ఉండేది నాన్నగారి ఇల్లు. అది వద్దు.

వడ్డీ డబ్బు తీసుకోదగ్గ సందర్భం ఒకటుంది. సినిమా పూర్తయింది, ఓటీటీ అగ్రిమెంట్ మీద సంతకాలయ్యాయి, ఆ డబ్బు నాలుగైదు నెలల్లో వస్తుంది, ఈలోగా రిలీజ్ ఖర్చుకు పది లక్షలు కావాలి. ఎప్పుడు తీరుతుందో తెలిసిన అప్పు కాబట్టి ఇబ్బంది లేదు. షూటింగ్‌కు ముందు మాత్రం వడ్డీ డబ్బు జోలికి పోవద్దనే చెబుతాను.

తెలిసినవాళ్ల పెట్టుబడి

వైజాగ్‌లో మొదటి సినిమాకు నా ఓటు దీనికే. ఆరుగురి నుంచి పదిమంది దాకా, ఒక్కొక్కరు ఐదు నుంచి పది లక్షలు, పోయినా ఇల్లు గడిచేవాళ్లు. ఈ చివరి షరతు అన్నిటికన్నా ముఖ్యం. పీఎఫ్ డబ్బంతా తెచ్చి ఇస్తానన్న మాస్టారికి దండం పెట్టి వద్దనండి. కూతురి పెళ్లికి దాచిన డబ్బు ఏడాదిన్నర ఆగదు, పోతే తట్టుకోనూ లేదు.

2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ మన ఊళ్లో తీసిందే, నటించినవాళ్లలో చాలామంది ఇక్కడివాళ్లే. దానికి డబ్బు పెట్టి నిర్మించిన ప్రవీణ పరుచూరి అమెరికాలో గుండె డాక్టరు. సినిమా తయారయ్యాక సురేష్ ప్రొడక్షన్స్, రానా దగ్గుబాటి దాన్ని జనంలోకి తీసుకెళ్లారు. ఆగగలిగిన సొంత డబ్బుతో తీయడం ఒక దశ, తీసినది చూపించి పెద్ద బ్యానర్‌ను తెచ్చుకోవడం రెండో దశ. చిన్న సినిమాకు ఇంతకన్నా మంచి వరస నాకు కనపడలేదు. ఒక సినిమా ఆడింది కదా అని ప్రతి డాక్టరూ నిర్మాతైపోతారని మాత్రం అనుకోకండి.

ఈ డబ్బును చేబదులులా తీసుకోకూడదు. ఒక ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్య సంస్థ) పెట్టండి. ఇద్దరు భాగస్వాములుంటే చాలు, మామూలు భాగస్వామ్య సంస్థలోలా ఒకరి అప్పుకు మరొకరి ఆస్తి బలికాదు. సినిమా పేరుతో విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి, ప్రతి రూపాయీ దాంట్లోంచే వెళ్లాలి. "కొంత వైట్, కొంత బ్లాక్ ఇస్తాను గురూ" అనే పెద్దమనిషి తప్పక తగులుతాడు. అప్పుగా 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. అప్పే కాదు, ఏ లావాదేవీలోనైనా ఒకరి దగ్గర 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకుంటే పుచ్చుకున్నంత మొత్తం జరిమానా పడొచ్చు. పైగా లెక్కలో లేని డబ్బు పెట్టినవాడికి ఖర్చు లెక్క చూపించలేరు, చూపించకపోతే అతను నమ్మడు.

వాటా పత్రంలో అందరూ లాభం ఎలా పంచుకోవాలో రాసుకుంటారు. అంతకన్నా ముందు రాయాల్సింది వచ్చిన డబ్బు ఏ వరసలో పోతుందన్నది. మొదట పన్నులు, అమ్మకపు కమీషన్, రిలీజ్ కోసం చేసిన అప్పు. తర్వాత వాటాదారుల అసలు, అందరికీ సమానంగా, ఎవరూ ముందు కాదు. తర్వాత సగం జీతానికి పనిచేసిన టెక్నీషియన్ల బాకీ. ఆ పైన మిగిలితే లాభం. దాన్ని వాటాదారులకు 60, తీసినవాళ్లకు 40 అనుకోవచ్చు, సగం సగం అనుకోవచ్చు. దర్శకుడు ఏడాదిన్నర పాటు అరజీతంతో బతికాడని గుర్తుచేస్తే ఇన్వెస్టర్లు మరీ బేరమాడరు.

డబ్బును షూటింగ్, పోస్ట్ ప్రొడక్షన్, రిలీజ్ అని మూడు భాగాలు చేసి, షూటింగ్‌కు మొత్తంలో సగానికి మించి ఖర్చు పెట్టకూడదని పత్రంలోనే రాసుకోండి. అరకులో వాన పడి రెండు రోజులు పోతే పోస్ట్ ప్రొడక్షన్ డబ్బులోకి చెయ్యి వెళ్తుంది. ఇక అక్కడి నుంచి అది ఆగదు. హార్డ్‌డిస్క్‌లో పడి ఉన్న సినిమాల్లో చాలావాటి కథ ఇదే. పోర్టు, నేవీ పరిధిలోని చోట్ల షూటింగ్ రాసుకున్నవాళ్లు అనుమతి కాగితం చేతికి రాకముందే షెడ్యూల్ వేయకపోవడం మంచిది, ఖాళీగా కూర్చున్న రోజుకూ యూనిట్ బేటాలు (రోజువారీ భత్యాలు) ఆగవు.

హక్కుల కాగితాలూ అంతే ముఖ్యం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు మొదటి హక్కుదారు నిర్మాత, అంటే ఇక్కడ మీ ఎల్ఎల్‌పీ. కథ, మాటలు మాత్రం రచయితవి, ఆయన రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే సంస్థకు వస్తాయి. ఆ బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానే లెక్కిస్తుంది. ప్రాంతం రాయకపోతే ఒక్క భారతదేశానికే. స్నేహితుడే కదా అని తెల్లకాగితం మీద రెండు వాక్యాలు రాయించుకుంటే, ఆరో ఏట ఎవరో రీమేక్ అడిగినప్పుడు స్నేహితుడూ మీరూ లాయర్ల దగ్గర కలుసుకుంటారు.

అమెరికాలో ఉన్న బావగారు డబ్బు పంపుతానంటే మంచిదే. తిరిగి విదేశానికి తీసుకెళ్లే హక్కు లేని పద్ధతిలో పెడితే నిబంధనలు తేలిక, దాదాపు ఇక్కడివాళ్ల పెట్టుబడితో సమానంగా చూస్తారు. లాభం డాలర్లలో వెనక్కి తీసుకెళ్లాలంటే రిజర్వ్ బ్యాంకుకు చెప్పుకోవాల్సిన లెక్కలుంటాయి. డబ్బు ఖాతాలో పడకముందే సీఏతో మాట్లాడండి, పడ్డాక కాదు.

జనం దగ్గర పోగుచేయడం

1976లో శ్యామ్ బెనెగల్ ‘మంథన్’ సినిమాకు గుజరాత్ పాల రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు ఇచ్చారు. 2013లో కన్నడంలో పవన్ కుమార్ తీసిన ‘లూసియా’కు 110 మంది కలిసి సుమారు అరకోటి పెట్టారు. ఈ రెండు కథలూ విని ఫేస్‌బుక్‌లో "లక్ష పెట్టండి, రెండు లక్షలు తీసుకోండి" అని పోస్ట్ పెట్టడానికి చాలామందికి చేతులు దురద పెడతాయి. ఆగండి. రైతుల వెనక సహకార సంఘం ఉంది. పవన్ కుమార్‌కు అంతకుముందే ఒక సినిమా, దాన్ని ఇష్టపడిన జనం ఉన్నారు.

చట్టం కూడా అడ్డొస్తుంది. ప్రైవేటు కంపెనీ తన షేర్లను ఏడాదిలో 200 మందికి మించి ఇవ్వజూపకూడదు, అదీ పేరుపేరునా, బహిరంగ ప్రకటన లేకుండా. ఇంత ఇస్తే అంత తిరిగిస్తామని జనం దగ్గర డబ్బు తీసుకోవడం 2019లో వచ్చిన అనుమతి లేని డిపాజిట్ల నిషేధ చట్టం కిందికి రావచ్చు, అది జైలు శిక్ష ఉన్న చట్టం. లాభం ఆశ చూపకుండా ప్రీమియర్ టికెట్టో, టైటిల్స్‌లో పేరో, సంతకం చేసిన పోస్టరో ఇస్తామని తీసుకుంటే చిక్కు తక్కువ. అలా తీసుకున్నా ఆ డబ్బుకు పన్ను లెక్క ఉంటుంది.

ఈ దారిలో బడ్జెట్ మొత్తం వస్తుందని ఆశపడొద్దు. ఒక షార్ట్ ఫిలింకో, పూర్తయిన సినిమాకు డీఐ, సబ్‌టైటిల్స్ ఖర్చుకో ఐదారు లక్షలు పోగుచేయడానికి బాగుంటుంది. డబ్బిచ్చినవాళ్లలో చాలామంది మొదటి ఆటకు వస్తారు, అది అదనపు లాభం.

ముందే అమ్మేయడం: ఓటీటీ, డిస్ట్రిబ్యూటర్

కాగితం మీద ఇది అన్నిటికన్నా అందమైన దారి. షూటింగ్‌కు ముందే డిజిటల్, శాటిలైట్ (టీవీ) హక్కులు అమ్మి, ఆ డబ్బుతో సినిమా తీయడం. పేరున్న హీరోలకు ఇది జరుగుతుంది. కొత్తవాళ్లకు ప్లాట్‌ఫామ్‌ల నుంచి వచ్చే సమాధానం దాదాపు ఒకటే: పూర్తయ్యాక చూపించండి. చూపించాక కూడా కొన్ని ముందు డబ్బు ఇవ్వకుండా, జనం చూసిన గంటల లెక్కన వాటా ఇస్తామంటాయి. కాబట్టి మీ పిచ్‌లో "ఓటీటీ ద్వారా 80 లక్షలు" అని రాసుంటే కొట్టేయండి. సినిమాల గురించి కాస్త తెలిసిన ఇన్వెస్టర్ ఆ గీత దగ్గరే ఫైలు మూసేస్తాడు.

థియేటర్ లెక్క ఇంకా కఠినం. మల్టీప్లెక్స్‌లో 177 రూపాయల టికెట్ తీసుకోండి. అందులో 27 రూపాయలు జీఎస్టీ. మిగిలిన 150లో మొదటి వారం సగం దగ్గర థియేటర్‌ది. మీ వైపు 75 వస్తుంది, అందులోంచి డిస్ట్రిబ్యూటర్ కమీషన్, క్యూబ్ ఛార్జీలు (డిజిటల్ ప్రొజెక్షన్ ఫీజు) పోవాలి. ఆ కోతలు పక్కనపెట్టినా, పది లక్షల పబ్లిసిటీ ఖర్చు వెనక్కి రావాలంటేనే పదమూడు వేలకు పైగా టికెట్లు తెగాలి. సింగిల్ స్క్రీన్లలో ఎక్కువగా అద్దె పద్ధతి, జనం రాకపోయినా అద్దె మీదే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ కలిసిన ఉత్తరాంధ్ర ఏరియాను మినిమం గ్యారంటీకి (వసూలు ఎంతైనా ముందే ఖాయం చేసుకున్న మొత్తానికి) కొనే డిస్ట్రిబ్యూటర్ కొత్త ముఖాల సినిమాకు దొరకడం అరుదు. కమీషన్ పద్ధతికే ఒప్పుకుంటారు, అంటే నష్టం మీ దగ్గరే ఉండిపోతుంది.

దీన్ని డబ్బు తెచ్చే దారిగా కాకుండా తిరిగొచ్చే దారిగా చూసి అందుకు సిద్ధపడండి. ప్లాట్‌ఫామ్ లీగల్ వాళ్లు కథ హక్కుల దగ్గర్నుంచి ప్రతి నటుడి అగ్రిమెంట్ దాకా అడుగుతారు. సౌండ్ ట్రాక్‌లు విడివిడిగా అడుగుతారు. షూటింగ్ నాడు సంతకం పెట్టని జాలరిని రెండేళ్ల తర్వాత భీమిలిలో వెతకడం ఒక పని.

ఫండ్లు, మార్కెట్లు

ఫిల్మ్ ఫెస్టివల్స్‌కు వెళ్లే సినిమాల దారి పట్టేవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్ఎఫ్‌డీసీ ఉంది, 1975 నుంచి. అది 2007లో మొదలుపెట్టిన ఫిల్మ్ బజార్ ఏటా నవంబరులో గోవాలో ఇఫీ (భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం)తో పాటు జరుగుతుంది, 2025లో వేవ్స్ ఫిల్మ్ బజార్ అని పేరు మార్చారు. స్క్రిప్టు దశలో ఉన్నవాళ్లకు కో-ప్రొడక్షన్ మార్కెట్, రఫ్ కట్ (తొలి విడత ఎడిటింగ్) ఉన్నవాళ్లకు వర్క్ ఇన్ ప్రోగ్రెస్ ల్యాబ్, పూర్తయినవాళ్లకు వ్యూయింగ్ రూమ్. బయట రాటర్‌డామ్ ఫెస్టివల్‌వారి హ్యూబర్ట్ బాల్స్ ఫండ్ లాంటివి ఉన్నాయి. ఈ డబ్బు ఆగగలదు, చాలావరకు తిరిగి ఇవ్వక్కర్లేదు, కానీ పోటీ చాలా దేశాలవాళ్లతో, ఎదురుచూపు నెలల్లో. పాటలు, ఫైట్లు ఉన్న కథకు ఇది దారి కాదు. జాలరి పేట మీద నెమ్మదిగా సాగే కథ మీదైతే ఇంగ్లిష్‌లో మంచి ట్రీట్‌మెంట్ (కథ వివరంగా చెప్పే సారాంశం) రాయించి పంపండి, ఈలోగా ఊళ్లో ఇన్వెస్టర్లను కలవడం మానకండి.

రాష్ట్ర ప్రభుత్వ ప్రోత్సాహకాలను బడ్జెట్‌లో ఆదాయం కింద రాయొద్దు. వస్తే సినిమా అయ్యాక వస్తాయి, షూటింగ్ నాటి భోజనాల బిల్లుకు పనికిరావు.

ఇన్వెస్టర్‌ను కలవడం

ఫిలింనగర్‌లో ఆఫీసుల చుట్టూ తిరగడం కన్నా వైజాగ్‌లో ఒక సాయంత్రం ఇరవై మందిని కూర్చోబెట్టి పది నిమిషాల పైలట్ (సినిమాకు నమూనాగా తీసిన ముక్క) చూపించడం మేలు. హైదరాబాద్‌లో మీరు రోజూ వచ్చే వందమందిలో ఒకరు, ఇక్కడ మీరు ఫలానా వాళ్లబ్బాయి. ఆంధ్రా యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ విభాగంలో నటులు దొరుకుతారు, పైలట్‌కు పెద్ద ఖర్చు కాదు. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీ లాంటి చోట చిన్న హాలు చాలు. ఆ రోజు డబ్బు అడగొద్దు. ఆసక్తి చూపినవాళ్లను తర్వాత విడిగా కలిసి బౌండ్ స్క్రిప్టు (పూర్తిగా రాసిన స్క్రిప్టు), బడ్జెట్ షీటు, డబ్బు తిరిగొచ్చే వరస, అగ్రిమెంట్ నమూనా ముందు పెట్టండి. 75 పైసలే తిరిగొచ్చే లెక్కను కూడా మీరే చూపించండి. అది చూశాక కూడా చెక్కు రాసేవాడు రిలీజ్ ఆలస్యమైతే రాత్రి పదకొండింటికి ఫోన్ చేయడు.

మధ్యవర్తులు ఎదురవుతారు. ఖాతాలో డబ్బు పడ్డాక ఒకటో రెండో శాతం అడిగేవాడితో వ్యాపారం చేయొచ్చు. "ముంబైలో వంద కోట్ల ఫండ్ ఉంది, ప్రాసెసింగ్ ఫీజు లక్షన్నర ముందు కట్టండి" అనేవాడికి నమస్కారం పెట్టేయండి. మీ దగ్గర లక్షన్నర ఉంటే దాంతో పైలట్ తీయొచ్చు.

"మావాడికి సెకండ్ హీరో ఇస్తే ఇరవై లక్షలు పెడతా" అనే ఆఫరూ వస్తుంది. మొహమాటం పక్కనపెట్టి ఆ అబ్బాయికి ఆడిషన్ చేయండి. బాగా చేస్తే ఇద్దరికీ లాభం. చేయలేకపోతే చిన్న పాత్ర, సహ నిర్మాత పేరు ఇవ్వజూపండి. దానికీ ఒప్పుకోకపోతే ఆ ఇరవై లక్షలు వదిలేయడమే చవక, సగం సీన్లలో కనిపించే మొహాన్ని ఎడిటింగ్‌లో తీసేయడం కుదరదు.

సగమే వస్తే

60 లక్షలు అనుకుంటే 32 లక్షల దగ్గర ఆగిపోవడం తరచూ జరుగుతుంది. మొదలుపెడితే మిగతాది అదే వస్తుందని చుట్టూ ఉన్నవాళ్లు అంటారు. అలా వచ్చేది చాలాసార్లు వడ్డీ డబ్బే. అందుకని వాటా పత్రంలో ఒక గడువు, ఒక కనీస మొత్తం రాయండి: ఫలానా తేదీలోపు ఇంత జమ కాకపోతే ఎవరి డబ్బు వాళ్లకు వారంలోగా వెనక్కి. గడువు దాకా ఖాతాలోంచి ఒక్క అడ్వాన్సు కూడా వెళ్లకూడదు, లొకేషన్‌కు కూడా. గడువు దాటితే రెండు దారులు. కథను 32 లక్షల్లో అయ్యేలా తిరగరాసి, కొత్త బడ్జెట్‌తో వాటాదారుల సంతకాలు మళ్లీ తీసుకోవడం ఒకటి. నాలుగు ఊళ్లలో జరిగే కథను ఒక వీధికి తెస్తే కొన్ని కథలు బాగుపడతాయి కూడా. కథ అందుకు లొంగనిదైతే డబ్బు తిరిగిచ్చేసి, మీ దగ్గరున్న కొద్ది మొత్తంతో అందులోంచి ఒక ఘట్టాన్ని షార్ట్ ఫిలింగా తీయడం రెండోది. డబ్బు చెప్పిన తేదీకి వెనక్కి వచ్చిన ఇన్వెస్టర్, వచ్చే ఏడు మీరు ఫోన్ చేస్తే ఎత్తుతాడు.